అయ్య దారం, మేష్టారి ఎర్రగీత

1968 సెప్టెంబరు 9, సోమవారం

బయమేసి కాదు. మాట రాక కూడా కాదు. మాట కడుపులో ఉన్నంతసేపు బాగానే ఉంటాది, నోటికాడికి వచ్చేసరికి సల్లారిపోతాది. అందుకే ఊరుకుంటాను. నన్నెవులూ అడగనేదు... అయినా రాస్తన్నాను.

ఈ పుస్తకం మేష్టారు ఇచ్చారు. అయిదులో బడి ఒగ్గీసినోడిని, నా రాత సూసి ఆయనకే జాలేసింది గావాల. "రోజూ నాలుగు ముక్కలు రాయరా సింహాద్రీ. ఎవరికీ చూపించకు. నాక్కూడా."

ఆయన కాలేజీలో సైన్సు సెప్పీవోరు. ఆ ఉద్యోగం ఒగ్గీసి, ఈ పాత దాన్యం గొడౌనులో లేజరు కంపెనీ ఎట్టారు. కంపెనీ అంటే మేష్టారు, నాను, ఒక టేబులు పంకా. ఇప్పటికీ ఏ మూల తుడిసినా వడ్లగింజ దొరుకుతాది.

ఇయాల ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. సదివారు, మడిసారు, మల్లీ ఇప్పి సదివారు. దసరా ఎల్లినాక ఆపీసర్లు వస్తారంట.

బువ్వ తినకుండా కూకున్నారు. కేరేజీ అలగే ఇంటికి తిరిగెల్లిపోయింది.

10, మంగళవారం

వాన. గాజుగొట్టంలో గేసు నిలబడ్డాది. రెండు కొసలా అద్దాలు. వాటి మరలు ఒక ఎంట్రుకంత ఇటు, ఒక ఎంట్రుకంత అటు... సేయి ఒనక్కూడదు. సివరాకరికి వచ్చింది. ఎదర గోడమీద ఎర్రసుక్క. ఎన్నిసార్లు సూసినా దగ్గరికెల్లి మల్లీ సూస్తాను.

13, శుక్రవారం

మేష్టారు మాటాడతానే ఉన్నారు, నాను అద్దాలు తుడుస్తానే ఉన్నాను.

"ఢిల్లీ సర్కారు డబ్బులిచ్చి లేజరు చెయ్యమంది. చేశాం. చేసినదంతా రికార్డు రాసి పంపాం. ఇప్పుడు వాళ్ళు అడిగేది ఒక్కటే... మీ గొడౌను బయట దీన్ని ఎవడు వాడుతున్నాడు?"

ఎవులూ వాడ్డం నేదు. అది ఆయనకీ తెలుసు.

"కనిపెట్టడం సగం పనేరా. ఇంకొకడు తన చేత్తో పట్టుకుని, ఇది నాది అనుకున్నప్పుడే రెండో సగం. బయటి మనిషి ఒక్కడు చాలు. వాళ్ళ కళ్ళముందు వాడి పని వాడు దీంతో చేసి చూపించాలి. దీన్ని వాడతానని వాడి నోటితో వాడే చెప్పాలి. లేదంటే డబ్బు ఆపేస్తారు. ఈ తలుపుకి తాళమే."

తాళం అన్నప్పుడు నా మొకం సూడనేదు.

మల్లీ ఆయనే అన్నారు—జూటు మిల్లులో పొడుగు షాఫ్టు ఉంది కదా, దాన్ని తిన్నగా నిలబెట్టడానికి ఈ గీత సరిగ్గా సరిపోతుంది. మేనేజరుతో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. అక్కడ లైను చూసే మేస్త్రీ ఎవరో కనుక్కోవాలి.

నా సేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మా అయ్య."

16, సోమవారం

మిల్లులో మా అయ్యని దారం అప్పన్న అంటారు.

షెడ్డు పొడుగునా పైన ఇనప షాఫ్టు తిరుగుతాది. దానికి బెల్టులు, బెల్టులకి మగ్గాలు. షాఫ్టు గింజంత వాలినా సాలు, బేరింగు కాలిపోతాది, బెల్టు ఎగిరిపోతాది. ఒకపాలి అలగే ఎగిరి, అయ్యతో పనిసేసే సూరి మావ సెవికొస పట్టుకుపోయింది. "అప్పటినుంచి సగం మాటలే ఇనబడతన్నాయిరా. అందులోనూ మంచియే పోతన్నాయి" అంటాడు.

దసరాకి షెడ్డు ఆపితే అమ్మోరి సిరిమాను పండగ ఎల్లేదాకా ఆపే ఉంచుతారు, లైను సూసుకోడానికి. అయ్య ఈ కొసన, సూరి మావ ఆ కొసన. మద్దిన దారం. మైనం రాసిన నూలు దారం. మా తాత సెక్కిన కర్రకి సుట్టి ఉంటాది, ఇంట్లో దాన్ని ఎవులూ ముట్టకూడదు. ముందు ఇనుముకి పసుపు, కుంకం. బొట్టెట్టకుండా అయ్య ఏ పనిముట్టూ పట్టుకోడు. అప్పుడు ఊపిరి బిగబట్టి ఒక కన్ను మూస్తాడు. ఆ టయానికి మేనేజరు కూడా దగ్గడు.

ఆ దారం ఒగ్గీమని నాను సెప్పాల.

17, మంగళవారం

సెప్పనేదు.

18, బుధవారం

గుమ్మంలో నిలబడ్డాను. అయ్య దారానికి మైనం రాస్తన్నాడు. "ఏట్రా?" అన్నాడు. "ఏటీ నేదు" అన్నాను.

19, గురువారం

మేష్టారే మా ఇంటికి వచ్చీసారు. అమ్మ సాపేసి, దానిమీద మల్లీ దుప్పటేసింది. అయ్య నిలబడే ఉన్నాడు. "కూకోండి బావూ." "నువ్వూ కూర్చో అప్పన్నా." ఇద్దరూ సాపకేసి సూసారు. ఎవులూ కూకోనేదు.

మేష్టారు సానాసేపు సెప్పారు. నీ పనికి అడ్డు కాదు, సాయం. రోజంతా పట్టే పని గంటలో అయిపోతుంది. కన్ను మూసి చూడక్కర్లేదు, కొస పట్టుకోడానికి ఇంకో మనిషి అక్కర్లేదు...

అయ్య అన్నీ ఇన్నాడు. "సూద్దాం బావూ."

మేష్టారు సంతోసంగా ఎల్లిపోనారు. అయ్య సూద్దాం అన్నాడంటే నేదని. ఆయనకి తెల్దు.

అమ్మ ఊరుకోనేదు. "అంత పెద్దాయన గుమ్మంలోకి వస్తే సూద్దామా? ఏటది, పెల్లిసూపులా?"

అయ్య మాటాడనేదు. ఈ నోరు నాకు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

22, ఆదివారం

మిల్లుకి సెలవు. మేనేజరు తాళాలిప్పించాడు. లేజరు పెట్టె మోసుకెల్లి షెడ్డు ఈ కొసన ఎట్టాం. బేరింగు బేరింగుకీ సిన్న రేకు, రేకుకి సిన్న కన్నం. గీత అన్ని కన్నాల్లోంచీ దూరి అవతల గోడకి తగిలిందా, షాఫ్టు తిన్నగా ఉన్నట్టు. ఎక్కడ ఆగిపోతే అక్కడ తేడా. అంతే.

సూరి మావ పెట్టె సుట్టూ తిరిగాడు. "ఒరే సిమ్మాద్రీ, దీంతో బీడీ ముట్టుతాదేట్రా?"

"ముట్టదు మావా."

"మరి దేనికిరా సర్కారోలు డబ్బులు తగలేస్తన్నారు?"

మేష్టారు స్విచ్చి ఏసారు. గొడౌనులో మాకు గోడమీద సుక్కే కనిపించీది. ఇక్కడ ఎవులో నార మోపు లాగారు, నుసి లేసింది... గీత మొత్తం కనిపించీసింది. ఈ గోడనుంచి ఆ గోడదాకా ఎర్రటి తాడు. మేష్టారే నోరెల్లబెట్టి సూస్తన్నారు. ఆయన సేసిందాన్ని ఆయనే అంత పొడుగున ఎప్పుడూ సూడనేదు.

"మరి దీని రెండో కొస ఎవులు పట్టుకుంటార్రా?" సూరి మావ.

"ఎవులూ పట్టుకోనక్కర్నేదు."

"అయితే నాకేటి పని?" పెద్దగా నవ్వాడు. ఆడొక్కడే నవ్వాడు.

అయ్య ముందుకొచ్చాడు. అరిసెయ్యి గీతకి అడ్డంగా ఎట్టాడు. అరిసేతిలో ఎర్రసుక్క. సెయ్యి పైకీ కిందకీ ఆడించి సూసాడు.

"బరువు నేదు" అన్నాడు.

అందరం బయటికొచ్చీసి, గేటు కాడ టీ తాగుతుంటే మల్లీ అన్నాడు, నాతో కాదు, టీగలాసుతో. "బరువు నేని దారం మద్దిన కిందకి జారదు."

26, గురువారం

అయ్య షిఫ్టు దిగి గొడౌనుకి వస్తన్నాడు. మూడు సాయంత్రాలయింది. సెప్పులు బయటే ఇడుస్తాడు. నన్నడుగుతాడు, మేష్టారిని అడగడు. స్విచ్చి పైకా కిందకా. ఎంతసేపు ఏడెక్కాల. ఈ మర తిప్పితే ఏటవుతాది. అయ్య నన్ను ఒక ఊసు అడగడం ఇదే మొదలు. నాకు మాట సల్లారకుండా వస్తన్నాది. ఎలగో తెల్దు.

"కరెంటు ఉన్నప్పుడు, గీత వచ్చే ఈ కన్నంలోకి సూడకూడదయ్యా. కన్ను పోతాది."

తలూపాడు. "అమ్మోరి కంట్లోకీ సూడకూడదు."

ఇంటికెల్లీ దారిలో ఈల ఏసాడు. మా అయ్య ఈల.

30, సోమవారం

నవమి. మిల్లులో పనిముట్లకి పూజ. సుత్తులు, పానాలు, నూనె డబ్బాలు, దారం సుట్టిన కర్ర... వాటి మద్దిన మన పెట్టె. అయ్యే అడిగి తీసుకెల్లాడు. దానికి బంతిపూల దండ కూడా. నాను అవతల కొబ్బరికాయలు కొడతన్నాను, దూరంనుంచి సూసాను—అయ్య వొంగి వొంగి ఒక్కోదానికీ బొట్టెడతన్నాడు.

మేష్టారికి సెప్తే కుర్సీలోంచి లేసిపోనారు. "పూజలో పెట్టాడా? మన పెట్టెనా? అయితే అయిపోయిందిరా పని!"

పెట్టె మిల్లులోనే ఉండనీ అన్నారు. మనం ముట్టుకోవద్దు, ఇంక అది మీ అయ్యది.

అక్టోబరు 1, మంగళవారం

దసరా. అమ్మ గారెలొండింది. మేష్టారింటికి ఎల్లి ఇచ్చొచ్చాను.

3, గురువారం

రాయాలని నేదు. రాస్తాను.

ఇద్దరొచ్చారు, జీపులో. ఢిల్లీ ఆయనకి తెలుగు రాదు. హైదరాబాదు ఆయనకి వచ్చు, ఆయనే అన్నీ ఇంగ్లీసులో సెప్తన్నాడు. మేనేజరు కుర్సీలేయించాడు. అయ్య ఉతికిన పంచె కట్టాడు. సూరి మావ ఆ కొసన, గోడకానుకుని, ఏ పనీ నేకుండా.

అయ్య స్విచ్చేసాడు. పెట్టె మూలిగింది. పక్క సందులోంచి గొట్టం ఎలుగుతన్నట్టు కనిపిస్తన్నాది.

అవతల గోడమీద ఏటీ నేదు.

ఆపి మల్లీ ఏసాడు. నేదు. మేష్టారు ఎనకనుంచి తీగలు కదిపారు, ఓల్టేజి సూసారు. నేదు. అయ్య సెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది. మేనేజరు దగ్గాడు. అయ్య లైను సూసీటప్పుడు దగ్గని మనిసి.

ఎవులూ పెట్టె ముందువైపు పోడం నేదు. పోకూడదని మేవే సెప్పాం కదా. నాను స్విచ్చి ఆపి, ముందుకెల్లి, మోకాల్లమీద కూకుని కన్నంలోకి సూసాను.

లోపల, అద్దం మీద, గందం. దానిమీద కుంకం. ఎండి అతుక్కుపోయి ఉన్నాది. ఏలిగీతలు కూడా కనిపిస్తన్నాయి.

పైన ఎట్టాడు, పక్కన ఎట్టాడు, అన్నింటికంటే ముక్యం కన్ను కదా... కంటికి ఎట్టకుండా ఎలగ ఉంటాడు.

"ఏమైందిరా?" మేష్టారు.

అందరూ నాకేసి సూస్తన్నారు. అయ్య కూడా. అయ్యకి తెల్దు. ఏటీ తెల్దు ఆ మొకంలో. మాట నోటికాడికి వచ్చింది. సల్లారిపోయింది. దాని ఎనక ఇంకో మాట ఉన్నాది, అది వచ్చీసింది—

"నానే. నిన్న తుడిసాను. నా సెయ్యి తగిలి పాడయింది."

మేష్టారు నన్ను ఇంతవరకూ ఎప్పుడూ అలగ సూడనేదు.

అప్పుడు అయ్య ముందుకొచ్చాడు. నన్ను తన ఎనక్కి నెట్టీసాడు, సెయ్యి నా గుండిమీదే ఉన్నాది.

"గుంటడిని ఏటీ అనకండి బావూ. గుంటడి సెయ్యి తగిలితే పోయే సామాను మిల్లులో ఏం నిలబడతాది? నార నుసి, నూనె సేతులు, మా మొరటోల్లు. ఇదిగో, మా దారం... కిందడినా, తొక్కినా, దులిపీసి మల్లీ కడతాం."

నన్ను కాయడానికే అన్నాడు. అది నాకు తెలుసు. హైదరాబాదాయన ఆ మాట మొత్తం ఇంగ్లీసులో సెప్పాడు. ఢిల్లీ ఆయన రాసుకున్నాడు.

అదే రోజు, మల్లీ

ఆపీసర్లు శ్రీకాకులం వైపు ఎల్లారు. "సోమవారం పొద్దున్న తిరిగి వెళ్తూ ఒక గంట ఆగుతాం. ఈ మేస్త్రీగారే వాడాలి, వాడతానని ఈయనే చెప్పాలి. మీరు కాదు." హైదరాబాదాయన మేష్టారితో అన్నాడు.

ఆలెల్లినాక అయ్య దారం తీసాడు. సూరి మావ ఉరుక్కుంటా ఎల్లి రెండో కొస పట్టుకున్నాడు.

4, శుక్రవారం

పెట్టె గొడౌనుకి తెచ్చాం. మేష్టారు ఇప్పి సూసారు. కల్లద్దాలు తీసి, తుడిసి, ఎట్టుకుని మల్లీ సూసారు.

ఒట్టి గుడ్డతో తుడిస్తే అద్దం మీద పూత గీసుకుపోతాది. దూదికి స్పిరిటు అద్ది, అద్ది... పొద్దున్నంతా పట్టింది. కుంకం పోయింది, గందం ఒగ్గనంటాది. గీత వచ్చింది గానీ సుక్కకి ఒక పక్క సిన్న తోక. అది పోదంట. పనికి అడ్డం కాదంట.

"ఇది నీ చెయ్యి కాదు కదా."

స్పిరిటు సీసాకి మూతెట్టాను.

"ఎందుకు చెప్పావురా అలా?"

రికార్డు ముందేసుకున్నారు. పరీక్ష జరిగిన తేదీ రాసారు, చోటు రాసారు. పని చెయ్యకపోడానికి కారణం అన్న కాడ కలం ఆగిపోయింది.

"సర్కారు డబ్బురా ఇది. నీ చెయ్యి అని రాస్తే అబద్ధం. మీ అయ్య బొట్టు అని రాస్తే, ఆ మేనేజరు రేపట్నుంచి మీ అయ్యని ఆ షాఫ్టు కింద నిలబడనివ్వడు." కలం మూసీసారు. "నేను చెప్తే తప్పు పట్టినట్టుంటుంది. నువ్వు చెప్పు మీ అయ్యకి. సోమవారం లోపల. తరవాత నేను ఏదో ఒకటి రాయాలి."

నాను గుమ్మం దాటుతుంటే, ఎనకనుంచి—

"బొట్టు పెట్టాడంటే మన పెట్టెని ఒప్పుకున్నాడ్రా. నిండుగా ఒప్పుకున్నాడు. ఆ ముక్క ఢిల్లీవాళ్ళకి ఏ గడిలో రాయను?"

5, శనివారం

పొద్దున్న అయ్య ఎనకాలే మిల్లు గేటు దాకా ఎల్లాను. "ఏట్రా?" "ఏటీ నేదు."

అమ్మకి సెప్పీసాను. సేపలు తోముతన్నాది, బూడిద సేతులతో అలగే ఉండిపోయింది. మొత్తం ఇన్నాది.

"నువ్వు సెప్పీయమ్మా అయ్యకి."

"మీ ఇద్దరి మద్దినా నాను గుమాస్తానేట్రా? పెల్లయిన కాడినుంచి ఆయన మాటలు నానే మాటాడతన్నాను. ఇప్పుడు నీయి కూడానా?"

సేపని తిరగేసి తోమింది. మల్లీ అన్నాది, ఈపాలి నెమ్మదిగా.

"ఆయన నిన్ను కాసాడు. నువ్వు ఆయన్ని కాసావు. బాగానే ఉన్నాది. మరి ఆ మేష్టారిని ఎవులు కాస్తార్రా?"

సాయంత్రం

అమ్మ పోపులడబ్బాలో పాత సిల్లుకానీ ఉంటే అడిగాను. ఎందుకని అడగనేదు, ఇచ్చీసింది. గొడౌనులో కూకుని పెట్టె కన్నానికి రేకుతో మూత సేసాను, పక్కకి జారీలాగ. పని నేనప్పుడు కన్ను మూసుకునుంటాది. సిల్లుకానీని పెట్టెకి పైన, నడిమద్దిన, మర ఏసి బిగించాను.

మేష్టారు సూసారు. "ఇదేంట్రా?"

"బొట్టుకి సోటు."

నవ్వుతారనుకున్నాను. నవ్వనేదు. సిల్లుకానీని బొటనేలితో ఒత్తి సూసారు, ఊడతాదేమోనని.

6, ఆదివారం

అయ్యని గొడౌనుకి రమ్మన్నాను. ఎందుకననేదు, తువ్వాలు బుజానేసుకుని వచ్చాడు. మేష్టారు లేరు, కావాలనే ఎల్లిపోనారు.

నోటితో సెప్పలేను. అది దారిలోనే తెలిసిపోయింది.

తలుపులేసాను. స్విచ్చేసాను. అగరొత్తి ముట్టించి ఎదర ఎట్టాను, పొగలో గీత కనిపించింది. అయ్య దానికేసి, నాకేసి సూసాడు. "బాగయినాదే!" అన్నాడు. ఆ గొంతులో సంతోసం... అది ఇనకుండా ఉంటే బాగుణ్ణు.

స్విచ్చి ఆపాను. ఒక సిన్న గాజుముక్క మీద గందం, కుంకం ఉంగరపేలితో అద్ది, కన్నానికి అడ్డం ఎట్టాను. మల్లీ స్విచ్చేసాను.

గీత నేదు.

గాజు తీసీసాను. గీత ఉన్నాది. ఎట్టాను. నేదు.

అయ్య తన కుడిసెయ్యి ఎత్తి, ఉంగరపేలు సూసుకున్నాడు. పంచెకి తుడుసుకున్నాడు. ఆ ఏలికి ఏటీ నేదు.

"ఎవులెవులికి తెలుసు?"

"మేష్టారికి. అమ్మకి."

"సూరిగాడికి?"

"తెల్దు."

సిల్లుకానీ మీద సెయ్యేసాడు. "ఇదేటి?"

"బొట్టుకి."

అయ్య సెప్పులేసుకుని ఎల్లిపోనాడు. తాళమేసి ఎనకాలే ఉరికాను. ఆయన ముందు, నాను ఎనక. రైలుగేటు ఏసి ఉన్నాది, అక్కడ ఆగాడు. గూడ్సుబండి పోతన్నాది, ఆ సప్పుడులోనే మాటాడాడు. ఇనపడకపోయినా పరవాలేదనుకున్నాడు గావాల.

"నీమీదెందుకేసుకున్నావు?"

పోతన్న డబ్బాలు లెక్కెడతా నిలబడ్డాను.

"నాను ఆ సామానుని తిట్టీసాను. మీ మేష్టారి ముందు."

బండి ఎల్లిపోయింది. గేటు తీసారు. మేం ఇంకా నిలబడే ఉన్నాం.

"సూరిగాడు నాతోటి పదారో ఏటనుంచి ఆ కొస పట్టుకుంటన్నాడు. ఆ పెట్టె వస్తే ఆడు మోపులు మొయ్యాల. ఆడి నడుం మోపులకి పనికిరాదు. అదీ ఆలోసించాల."

అది నాను ఆలోసించనేదు. ఆడు నవ్విన రోజు కూడా ఆలోసించనేదు.

ఇంటికొచ్చీసరికి అమ్మ మా ఇద్దరి మొకాలూ సూసి, ఏటీ అడక్కుండా బువ్వెట్టింది. ఒకే రకం నోర్లు మూడయినాయి.

7, సోమవారం

అమ్మోరి పండగకి తోలేళ్ళు ఇయాల. రేపు సిరిమాను. గంటస్తంబం వైపునుంచి డప్పులు మిల్లుదాకా ఇనిపిస్తన్నాయి. షెడ్డులో నార మోపు మీద కూకుని, మోకాలిమీద ఎట్టుకుని రాస్తన్నాను.

పొద్దున్న అయ్యా నానూ కలిసే వచ్చాం. గేటు కాడ అయ్య ఆగాడు.

"ఆపీసర్లు నన్నడిగితే, నాను నిన్నడుగుతాను. అందరి ముందూ అడుగుతాను. నువ్వు పెట్టె అంటే పెట్టె. దారం అంటే దారం. అబద్దం సెప్పడానికి నోరు వచ్చింది కదా, నిజానికీ రావాల."

కోపంగా అననేదు. అలగంటే బాగుణ్ణు.

మేష్టారు వచ్చీసారు. సంకలో రికార్డు. కారణం రాసే గడి ఇంకా కాలీయే, అడిగాను. "నీ మాట కోసం ఆగాను" అన్నారు. బేరింగుల కాడికెల్లి రేకులు సరిసేస్తన్నారు. ఇటు సూడ్డం నేదు.

సూరి మావ ఆ కొసన నిలబడి ఉన్నాడు. ఎవులూ పిలవకుండానే. సేతులు రెండూ కాలీ. నాకేసి సెయ్యి ఊపి అరిసాడు, "ఏట్రా సిమ్మాద్రీ, ఇయాలైనా బీడీ ముట్టుతాదా?"

జీపు వచ్చింది. మేనేజరు ఎదురెల్లాడు.

అయ్య కుంకం బరిణి తీసాడు. పెట్టె కాడ నిలబడ్డాడు. ఏలు కుంకంలో ముంచాడు, సిల్లుకానీ మీద ఎట్టాడు. సరిగ్గా మద్దిన. మూత జారిపి సూసాడు, కన్ను సుబ్బరంగా ఉన్నాది, మల్లీ మూసాడు. తరవాత బుజం మీద కర్ర దించి, దారానికీ ఒక బొట్టు ఎట్టాడు.

రెండూ పక్కపక్కన ఎట్టి నిలబడ్డాడు. ఆపీసర్లు లోపలికి వస్తన్నారు. అయ్య ఆలకేసి సూడ్డం నేదు, ఈ మోపుకేసి సూస్తన్నాడు.

మాట కడుపులోనే ఉన్నాది. ఇంకా ఏడిగానే ఉన్నాది. పెట్టె అంటే సూరి మావ పని పోతాది. దారం అంటే మేష్టారి తలుపుకి తాళం. పుస్తకమా, నెల్లాల్లయి అన్నీ నీకే సెప్పాను, నువ్వొక్క మాట అననేదు. అయ్య పిలుస్తన్నాడు... ఒక్కపాలి నువ్వు సెప్పు. నువ్వయితే ఏదంటావు?